మోటారు సైకిలు హ్యాండిలు కథ

గుఱ్ఱమునకు కళ్ళెము, ఎడ్లబండికి పగ్గములు, పడవకు చుక్కాని. మనుష్యుడు ఏ వాహనము నెక్కినను, ఆ వాహనమునకును అతనికిని నడుమ చేయి పట్టుకొను చోటు ఒకటి యుండును. మోటారు సైకిలునకు ఆ చోటు హ్యాండిలు. ఇంజను శక్తిని గూర్చి చెప్పుకొనువారు కలరు, వేగమును గూర్చి గొప్పలు చెప్పుకొనువారు కలరు. కాని ఈ వంగిన ఇనుప గొట్టమును గూర్చి తలచువారు అరుదు. మణికట్టు తిమ్మిరెక్కినప్పుడో, నడుము పట్టినప్పుడో గాని అది యొకటి కలదని తోచదు.

నేడు అనేక గృహములలో ముప్పది నలుబది యేండ్లనాటి మోటారు సైకిళ్ళు ఇంకను నడచుచున్నవి. తండ్రి కొన్నదానిని కొడుకు నడుపుచుండును. లేదా కొన్న పెద్దమనిషియే తల నెరసిన పిమ్మటను దానిని విడువలేక యుండును. ఇట్టివారు ఒకనాడు మెకానిక్కు వద్దకు పోయి, "హ్యాండిలు కొంచెం పైకెత్తవయ్యా, నడుము వంగటం లేదు" అని యడుగుదురు. అతడు రెండు మార్గములు చూపును. మొదటిది, ఉన్న హ్యాండిలును తీసి, ఎత్తుగా వెనుకకు వంగిన వేఱొక హ్యాండిలును బిగించుట. రెండవది, ఉన్నదానినే యుంచి, దాని క్రింద రెండు దిమ్మలను నిలిపి యెత్తు పెంచుట. ఆ దిమ్మలనే రైజర్లు అందురు. పని చూచుటకు చిన్నది. కాని దాని వెనుక రెండు వందల యేండ్ల చరిత్ర కలదు. ఆ చరిత్ర తెలిసినవాడు ఆ పనిని తేలికగా చేయింపడు.

1817వ సంవత్సరమున జర్మనీ దేశమందలి మాన్‌హైము పట్టణమున కార్ల్ డ్రయిస్ అనునతడు రెండు చక్రములను ఒకదాని వెనుక నొకటి అమర్చి, నడుమ కూర్చుండి, కాళ్ళతో నేలను తన్నుచు పోవు బండిని నడిపి చూపెను. దానికి పెడళ్ళు లేవు, గొలుసు లేదు. ముందు చక్రమును త్రిప్పుటకు ఒక కడ్డీ యుండెను. అంతేకాక, నడుపువాడు ముంజేతులను ఆన్చుకొనుటకు మెత్త కుట్టిన ఒక పలక యుండెను. ఈ పలకను మనము గమనింపవలెను. రెండు చక్రముల బండి పుట్టిననాడే, "నడుపువాని చేతుల బరువు ఎక్కడ ఆనవలెను?" అను ప్రశ్నయు పుట్టినది. తరువాతి హ్యాండిలు చరిత్ర యంతయు ఆ ప్రశ్నకు చెప్పిన సమాధానముల చరిత్రయే.

1860 తరువాత పారిసు నగరమున ముందు చక్రమునకు పెడళ్ళు గల బండ్లు వెలువడెను. మిషో కుటుంబమువారి పేరిట ప్రసిద్ధికెక్కిన ఆ బండ్లలో హ్యాండిలు మఱియొక పని నేర్చుకొన్నది. దానిని పిడులతో మెలిపెట్టినచో ఒక త్రాడు బిగిసి వెనుక చక్రమునకు బ్రేకు పడెడిది. అనగా హ్యాండిలు దిక్కును చూపు కడ్డీ మాత్రమే గాక, ఆజ్ఞలు పంపు స్థానము కూడ నయ్యెను. నేడు క్లచ్చి, ముందు బ్రేకు, యాక్సిలరేటరు, హారను, దీపముల మీటలు అన్నియు అచ్చటనే చేరుటకు ఆనాడే నాంది పడినది.

1885లో గాట్లీబ్ డెయిమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్ అను జర్మను యంత్రజ్ఞులు పెట్రోలుతో నడచు ఇంజనును ఒక కొయ్య చట్రములో నిలిపిరి. దాని శక్తి అర గుఱ్ఱపు బలము. వేగము గంటకు సుమారు 12 కిలోమీటర్లు. 1894లో మ్యూనికు నగరమున హిల్డెబ్రాండ్, వుల్ఫ్‌ముల్లర్ అనువారు మోటారు సైకిళ్ళను వరుసగా తయారుచేసి విక్రయింప నారంభించిరి. 1901లో పారిసులోని వెర్నర్ సోదరులు ఇంజనును చట్రము అడుగున, పెడళ్ళ స్థానమునకు దగ్గఱగా అమర్చిరి. బరువు నేలకు చేరువయై, బండి నిలకడ కుదిరెను. మనమెఱిగిన మోటారు సైకిలు రూపము అప్పటినుండి స్థిరపడినది.

ఆ తొలినాటి బండ్ల హ్యాండిళ్ళు పొడవుగా, వెనుకకు బాగుగా వంగి, నడుపువాని ఒడిలోనికి వచ్చునట్లుండెడివి. దీనికి కారణము అలంకారము కాదు. ఆ కాలపు బాటలు గుంటలతో నిండియుండెను. ఎత్తెక్కునప్పుడు ఇంజను చాలకున్నచో పెడళ్ళు త్రొక్కవలసి వచ్చెడిది. నిటారుగా కూర్చున్నవాడే పెడళ్ళు త్రొక్కగలడు, బాటను చూడగలడు. వంగిన పొడవైన హ్యాండిలు అతనికి ఒక తులాదండమువలె నుపకరించి, ఇసుకలోను బురదలోను చక్రమును అదుపులో నుంచెడిది.

ఇచ్చట ఒక చిన్న సాధనమును స్మరింపక తప్పదు. 1896లో ఎర్నెస్ట్ మానింగ్టన్ బౌడెన్ అనునతడు ఇంగ్లండులో ఒక తీగెకు పేటెంటు పొందెను. పైన ఇనుప తీగెను దగ్గఱదగ్గఱగా చుట్టిన గొట్టము, దానిలో మఱియొక సన్నని పురితీగె: ఇదియే ఆ సాధనము. పై గొట్టము నొక్కుడునకు లొంగదు. లోపలి తీగె లాగుడును మోయును. గొట్టము ఎన్ని వంకలు తిరిగినను లోపలి తీగె తన పని తాను చేయును. దీనినే మనవారు కేబులు అందురు.

దీని మహిమ తెలియవలెనన్నచో మన యూళ్ళలోని పాతకాలపు నల్ల సైకిలును చూడవలెను. దాని బ్రేకులు ఇనుప కడ్డీలతో పనిచేయును. ఆ సైకిలునకు హ్యాండిలును నాలుగంగుళములు పైకెత్తవలెనన్నచో కడ్డీలన్నియు మార్చవలెను. కేబులుగల బండికి ఆ చిక్కు లేదు. హ్యాండిలు ఎటు తిరిగినను, ఎంత యెత్తులో నున్నను, ఆజ్ఞ చక్రమునకు చేరును. కావున హ్యాండిలును ఇష్టానుసారము మార్చుకొను స్వాతంత్ర్యమును మోటారు సైకిలు యజమానికి ఇచ్చినది ఈ కేబులే. ఐతే ఆ స్వాతంత్ర్యమునకు హద్దు గీచినదియు ఈ కేబులే. దాని పొడవు ఎంతవఱకో యజమాని కోరికయు అంతవఱకే. ఈ మాటను మఱల తలచుకొందము.

1907లో ఐల్ ఆఫ్ మాన్ ద్వీపమున టి.టి. పందెములు ప్రారంభమైనవి. పందెగానికి గాలి ప్రధాన శత్రువు. వేగము రెండింతలైనచో గాలి యడ్డగింపు నాలుగింతలగును. దానిని జయించుటకు కావలసిన ఇంజను శక్తి ఎనిమిదింతలగును. ఇంజను శక్తిని పెంచుట కష్టము, వ్యయసాధ్యము. వీపును వంచుట ఉచితము. కనుక పందెగాండ్రు హ్యాండిలును దించిరి. 1948 సెప్టెంబరు 13వ తేదీన అమెరికాలోని బానివిల్ ఉప్పునేలపై రోలీ ఫ్రీ అను సాహసికుడు విన్సెంటు మోటారు సైకిలుపై బోరగిలబడి, కాళ్ళు వెనుకకు చాచి, ఈతదుస్తులతో, గంటకు 150 మైళ్ళకు మించిన వేగమును సాధించెను. దేహమును గాలికి ఎంత తగ్గించి చూపవచ్చునో దానికి ఆ దృశ్యము పరాకాష్ఠ.

పందెములలోనిది వీథులలోనికి వచ్చుటకు ఎంతో కాలము పట్టదు. లండను నగరపు ఉత్తర వలయ మార్గమున 1938లో ఏస్ కెఫే అను ఫలహారశాల వెలసినది. యుద్ధకాలమున బాంబు దెబ్బకు పాడై, 1949లో పునర్నిర్మితమైనది. 1950, 60 దశకములలో అచ్చటికి చేరిన యువకులు తమ బండ్ల హ్యాండిళ్ళను తీసివేసి, ముందు ఫోర్కు గొట్టములకే రెండు పొట్టి పిడులను విడివిడిగా బిగించుకొనెడివారు. కాలు పెట్టుకొను మెట్లను వెనుకకు జరుపుకొనెడివారు. కర్మాగారములు కొంతకాలము చూచి, ఆ వాడుకను తామే చేపట్టినవి. 1965 నాటి రాయల్ ఎన్‌ఫీల్డ్ కాంటినెంటల్ జి.టి. అను 250 సి.సి. బండి అట్టి పొట్టి పిడులతోనే కర్మాగారమునుండి వెలువడినది. యజమాని చేసిన మార్పు తయారీదారునకు పాఠమైనది.

అదే కాలమున అట్లాంటిక్ సముద్రమున కావలి యొడ్డున గాలి వేఱుగా వీచెను. అమెరికాలో బాటలు పొడవు, దూరములు ఎక్కువ. అచ్చటివారు నిటారుగా కూర్చుండి గంటల తరబడి పోవగోరిరి. ఇంగ్లండులో తయారైన ట్రయంఫ్ వంటి బండ్లు స్వదేశమునకు పొట్టి హ్యాండిలుతోను, అమెరికాకు ఎత్తైన వెడల్పు హ్యాండిలుతోను పోయెడివి. ఇంజను ఒకటే, చట్రము ఒకటే. పట్టు మాత్రము రెండు. మఱికొందఱు అమెరికనులు అంతటితో తృప్తి నొందలేదు. చేతులు భుజములకంటె పైకి పోవునంత యెత్తైన హ్యాండిళ్ళను పెట్టుకొనిరి. కొమ్మకు వ్రేలాడు కోతిని తలచి వానికి పరిహాసనామము నిచ్చిరి. 1969లో వచ్చిన 'ఈజీ రైడర్' అను చలనచిత్రము ఆ రూపమును లోకమంతట చాటినది. చేతులు అంత యెత్తున నున్నచో అదుపు తప్పునని భయపడి అనేక రాష్ట్రములవారు హ్యాండిలు ఎత్తునకు శాసనముచే మేర విధించిరి. భుజమెత్తును కొలతగా తీసికొన్న శాసనములు వానిలో కలవు. ఇట్లు మనుష్యుని భుజమే చట్టములో కొలబద్ద యయ్యెను.

మన దేశపు కథ మద్రాసులో మొదలగును. 1949 నుండి బుల్లెట్లు ఇచ్చటికి దిగుమతి యగుచుండెను. 1950 దశకమున భారత ప్రభుత్వము సైన్యమునకును సరిహద్దు గస్తీకిని ఈ బండ్లను ఎన్నుకొన్నది. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడినది. మొదట విడిభాగములను తెచ్చి కూర్చిరి. పిమ్మట తిరువొత్తియూరులోని కర్మాగారమున సమస్తమును తామే చేయ నేర్చిరి. ఇంగ్లండులోని రెడిచ్ కర్మాగారము 1967లో మూతపడినది. అచ్చటి మూలము ఎండిపోయినను ఇచ్చటి కొమ్మ చిగిర్చినది. 1977లో మన బుల్లెట్లు తిరిగి ఇంగ్లండునకే ఎగుమతి యగుట ఆరంభమైనది. రూపము పెద్దగా మారకుండ దశాబ్దములపాటు ఒకే బండి తయారగుటచేత, తండ్రి బండికిని కొడుకు బండికిని పెక్కు విడిభాగములు సరిపోవుట ఈ దేశమందలి విశేషము. మన పట్టణములలో పాత బండికి హ్యాండిలు మార్చు పని ఇంత సులభమగుటకు ఇదియు నొక కారణము.

ఇంతకును ఎత్తు హ్యాండిలు మంచిదా, దిగువ హ్యాండిలు మంచిదా? చరిత్ర చెప్పు సమాధానము ఇది: నీవు పోవు వేగమునుబట్టి, నీ బాటనుబట్టి. ముందుకు వంగి కూర్చున్నవాని మొండెపు బరువు మణికట్లపై పడును. మిక్కిలి వేగమున పోవునపుడు ఎదురుగాలి ఱొమ్మును పైకెత్తి ఆ భారమును తగ్గించును. కావుననే పందెగానికి ఆ భంగిమ బాధాకరము కాదు. కాని బజారులో గంటకు ముప్పది కిలోమీటర్ల వేగమున పోవువానికి ఆ గాలి సాయము లేదు. బరువంతయు మణికట్టే మోయును. నిటారుగా కూర్చున్నవానికి మణికట్టు సుఖించును గాని, గుంటలోని దెబ్బ వెన్నెముకకు తిన్నగా తగులును. వేగము హెచ్చినకొలది గాలి ఱొమ్మును వెనుకకు నెట్టును. ముందు చక్రముపై బరువు కొంత తగ్గును. ఒకరికి అమృతమైనది మఱియొకరికి విషమగుట ఇచ్చటను కలదు. కావున అంగుళము మార్పుతో ప్రారంభించి, నాలుగు దినములు నడిపి చూచి, పిమ్మట రెండవ అంగుళము మాట తలపెట్టుట వివేకము.

ఇక పని సంగతి. హ్యాండిలు గొట్టముల లావు అన్ని బండ్లకును ఒకటి కాదు. చాల బండ్లకు 22 మిల్లీమీటర్లు, అనగా అంగుళములో ఎనిమిదింట ఏడు పాళ్ళు; అమెరికా దేశపు హార్లే డేవిడ్సన్ వంటివానికి ఒక అంగుళము. లావు కుదరని గొట్టమును రేకు ముక్క చుట్టి బిగించు మెకానిక్కు చేతికి బండి నీయరాదు. రైజర్లు పెట్టినచో పాత బోల్టులు చాలవు. పొడవైనవి, గట్టి ఉక్కువి కావలెను. అవి కనీసము తమ లావంత లోతైనను మరలోనికి దిగవలెను. నాలుగు బోల్టులను ఒకదాని తరువాత ఒకటిగా, కొంచెము కొంచెముగా, సమముగా బిగింపవలెను. దిమ్మ ఎంత పొడవైనచో బోల్టులపై అంత బలము పడునని మఱువరాదు. మీటగోల పొడవైనకొలది బండరాయి సులువుగా కదలుట మనమెఱుగనిది కాదు గదా.

ఇచ్చట కేబులు మఱల మన కథలోనికి వచ్చును. హ్యాండిలును రెండంగుళములు పైకెత్తినచో కేబులునకు కనీసము అంత పొడవు అదనముగా కావలెను. వెనుకకు కూడ జరిపినచో మఱికొంత కావలెను. పాత కేబులు నిటారుగా నున్నపుడు చాలినట్లే కనబడును. చిక్కు మలుపులో పుట్టును. హ్యాండిలును పూర్తిగా ఒక ప్రక్కకు త్రిప్పినపుడు యాక్సిలరేటరు కేబులు బిగిసి, ఎవరును మెలిపెట్టకయే ఇంజను హెచ్చును. ఇఱుకు సందులో, వెనుక భార్యయో బిడ్డయో కూర్చుండగా, నెమ్మదిగా బండి త్రిప్పుకొనుచున్నవాని క్రిందనుండి బండి ఒక్కపెట్టున దూకును. క్లచ్చి కేబులు బిగిసినచో క్లచ్చి జాఱును. ముందు బ్రేకు కేబులు బిగిసినచో మలుపులో చక్రము తనంతట తాను పట్టుకొనును. నడుము నొప్పి తగ్గించుకొనబోయి ప్రాణము మీదికి తెచ్చుకొనుట యన నిదియే.

కావున పని ముగిసిన పిమ్మట యజమాని తానే ఒక పరీక్ష చేయవలెను. బండిని ఆరుబయట స్టాండుపై నిలిపి, గేరులో లేకుండ చూచి, ఇంజనును నెమ్మదిగా నడువనిచ్చి, హ్యాండిలును ఎడమకు చివరివఱకు, కుడికి చివరివఱకు త్రిప్పవలెను. ఇంజను ధ్వని ఏ కొంచెమును మారరాదు. తరువాత ఇంజను నాపి, రెండు కొసలయందును క్లచ్చి పిడిలో కొంచెము వదులున్నదో లేదో చూడవలెను. ముందు చక్రమును నేలనుండి యెత్తి, రెండు కొసలయందును అది స్వేచ్ఛగా తిరుగుచున్నదో చూడవలెను. పిడికిని పెట్రోలు ట్యాంకునకును నడుమ బొటనవ్రేలు నలుగనంత సందుండవలెను. దీపపు తీగెలు, హారను తీగెలు లాగబడరాదు. చమురుతో పనిచేయు బ్రేకులున్నచో గొట్టము పొడవు చూచుకొనవలెను. చమురు గిన్నె ఒక ప్రక్కకు వాలరాదు. గొట్టము మార్చినచో లోపలి గాలిని పూర్తిగా తీయవలెను. ఈ పరీక్షకు పదిహేను నిమిషములకంటె పట్టదు.

చట్టమును గూర్చి కూడ ఒక మాట. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రమందలి వివరములు తయారీదారు మొదట నిర్దేశించినవానికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదని చెప్పుచున్నది. 2019లో సర్వోన్నత న్యాయస్థానము కూడ ఈ నియమమును గట్టిగా సమర్థించినది. చేయబోవు మార్పు ఎట్టిదో చెప్పి రవాణా కార్యాలయమున ముందుగా అడిగి తెలిసికొనుటయే మర్యాద, క్షేమము.

చివరిదిగా, పాత యంత్రములను ప్రేమించువారు చేయు ఆక్షేపణ యొకటి కలదు. "కర్మాగారమునుండి వచ్చిన రూపమును చెఱచుట అపచారము గదా?" అని వారందురు. ఆ మాటలో సత్యము లేకపోలేదు. పాత వస్తువు ఒక కాలమునకు సాక్ష్యము, సాక్ష్యమును దిద్దరాదు. కాని మనము చూచిన చరిత్ర వేఱొక సాక్ష్యమును కూడ చెప్పుచున్నది. డ్రయిస్ పలకనుండి లండను యువకుల పొట్టి పిడులవఱకు, హ్యాండిలు ఏనాడును ఒక్క రూపమున నిలిచి యుండలేదు. కర్మాగారము ఊహించిన సగటు మనుష్యుడు ఎచ్చటను లేడు. ఉన్నది పొట్టివాడో, పొడుగువాడో, ముసలివాడో. నడువక మూలపడిన యంత్రముకంటె, యజమాని దేహమునకు తగినట్లు సవరింపబడి నడచుచున్న యంత్రమే తన కాలమును గూర్చి ఎక్కువ చెప్పగలదు.

ఐతే ఆ సవరణ తిరిగి సరిచేయుటకు వీలైనదిగా నుండవలెను. చట్రమును కోయరాదు, ఫోర్కునకు క్రొత్త రంధ్రములు వేయరాదు. తీసిన పాత హ్యాండిలును, దాని కేబులులను, బోల్టులను నూనె పూసి, కాగితములో చుట్టి, పేరు వ్రాసి అటకపై భద్రపఱుపవలెను. రేపు ఆ బండి మనుమని చేతికి పోవును. అతని నడుము వంగును. అతనికి పాత పట్టే నచ్చవచ్చును. అప్పుడు రెండు పానాలు, ఒక సాయంకాలము చాలును, ఆ బండి తన మొదటి రూపమునకు మరలుటకు.